కంటికి కనబడని జీవికి కొవ్వే ఆనవాలు

మనుష్యులను మనం ముఖం చూచి గుర్తుపడతాము. సాయంకాలం వేళ దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో ఎంత జనసమ్మర్దం ఉన్నా, మన మేనమామ ఎదురుగా వస్తూ ఉంటే ఆ నడకను బట్టే దూరం నుండి తెలిసిపోతుంది. ఇట్టి సౌకర్యం సూక్ష్మజీవుల విషయంలో లేదు. దిల్‌సుఖ్‌నగరుకూ ఎల్.బి. నగరుకూ నడుమనున్న సరూర్‌నగర్ చెరువులోని ఒండ్రును ఒక చెంచాడు తీసి, నీటిలో కలిపి, ఒక్క చుక్కను సూక్ష్మదర్శిని క్రింద ఉంచి చూచినామనుకొనండి. కొన్ని కడ్డీలవలె, కొన్ని గుండ్లవలె, మరికొన్ని మెలికలు తిరిగి కనబడతాయి. అంతకు మించి ముఖమూ లేదు, ముక్కూ లేదు. ఆ కడ్డీలలో ఒకటి రాలిన ఆకులను చివికించి మట్టికి సారమిచ్చే ఉపకారి కావచ్చును. దాని ప్రక్కనే ఉన్న మరొక కడ్డీ మనిషి ప్రేగులలో చేరి మంచానికి అంటగట్టే అపకారి కావచ్చును. చూపునకు రెండూ ఒక్కటే.

ఈ రెండింటికీ భేదం తెలియకపోతే వచ్చే నష్టం స్వల్పమైనది కాదు. ఒక సూక్ష్మజీవిని చంపే మందు మరొక దానిని తాకనైనా తాకదు. రోగి రక్తంలో పెరుగుచున్నది ఏదో తెలియకుండా మందిచ్చుట చీకటిలో రాయి విసరుట వంటిది. కావున ఈ జీవులను గుర్తుపట్టుటకు శాస్త్రజ్ఞులు ఎన్నో మార్గాలు వెదకినారు. ఏ రంగు అద్దితే అంటుకొంటుంది, ఏ చక్కెరను తింటుంది, ఏ వేడిమికి పెరుగుతుంది అని పరీక్షించినారు. ఆ మార్గాలలో ఒకటి, వినుటకు వింతగా ఉన్నా, ఎంతో ఫలవంతమైనది: ఆ జీవి ఒంటిలోని కొవ్వును తీసి తూచి చూచుట.

సూక్ష్మజీవికి కొవ్వు ఎక్కడిది అని సందేహం కలుగవచ్చును. అది మన మిఠాయి దుకాణాలలోని నేతివలె నిలవ ఉంచుకొన్న కొవ్వు కాదు. జీవకణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. లోపలి సరుకు బయటకు పోకుండా కాపాడే గోడ అది. ఆ గోడ కొవ్వు అణువులతో కట్టినది. ఒక్కొక్క కొవ్వు అణువుకు తోకలవలె ఉండేవే కొవ్వు ఆమ్లాలు. కర్బన పరమాణువులను పూసలవలె వరుసగా గ్రుచ్చి, ఒక చివర ఆమ్లగుణం గల తలను తగిలించినట్లు ఉంటుంది వీటి నిర్మాణం.

కొవ్వు ఆమ్లాలు గృహిణులకు పేరు తెలియకపోయినా పరిచయమైనవే. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుతుంది. ఆ ప్రక్కనే ఉన్న వేరుశనగనూనె గడ్డకట్టదు. కొబ్బరినూనెలో 12 కర్బనముల లారిక్ ఆమ్లం హెచ్చు. దాని గొలుసులు నిటారుగా, ఒకదానినొకటి ఆనుకొని, పేర్చిన కట్టెలవలె సర్దుకొంటాయి. వేరుశనగనూనెలో 18 కర్బనముల ఓలియిక్, లినోలియిక్ ఆమ్లాలు హెచ్చు. వాటి గొలుసులో ద్విబంధం ఉన్నచోట వంపు ఉంటుంది. వంకర కట్టెలు మోపులో సరిగా ఇముడవు గదా! అందుచేత ఆ నూనె ద్రవంగానే నిలుస్తుంది.

మొక్కలలోను జంతువులలోను ఉండే కొవ్వు ఆమ్లాలు హెచ్చుభాగం 16 లేక 18 కర్బనాల సరి గొలుసులు. సూక్ష్మజీవులు ఇంతటితో తృప్తిపడవు. కొన్ని 15, 17 వంటి బేసి సంఖ్యల గొలుసులు అల్లుతాయి. కొన్ని గొలుసు చివర చిన్న కొమ్మ తొడుగుతాయి. కొన్ని నడుమ మూడు కర్బనాలతో ముక్కోణపు ఉంగరం వేస్తాయి. మరికొన్ని తల నుండి మూడవ కర్బనంపై ఆమ్లజని, ఉదజనుల జంటను తగిలిస్తాయి. మట్టిలో విరివిగా నివసించే బాసిల్లస్ ప్రజాతి కొమ్మలు గల 15 కర్బనాల గొలుసులను ఇష్టపడుతుంది. మన ప్రేగులలోని కోలై జాతి 16 కర్బనాల పామిటిక్ ఆమ్లాన్నీ, ద్విబంధం గల వాటినీ, ముక్కోణపు ఉంగరం గల వాటినీ వాడుకొంటుంది. ఏ ఇంటి ముంగిట ఏ ముగ్గు వేయుదురో ఆ వీధివారు చెప్పగలిగినట్లే, ఈ గొలుసుల వరుస తెలిసినవారు ఆ జీవి ఏ ఇంటిదో చెప్పగలరు.

ఈ విద్య ఒక్కనాడు పుట్టినది కాదు. అమెరికాలో ఆండర్సన్, చార్గాఫ్ అను శాస్త్రజ్ఞులు క్షయరోగ క్రిమి కొవ్వు నుండి ఒక విచిత్రమైన ఆమ్లాన్ని వేరుచేసి, దానికి ట్యుబర్‌క్యులోస్టియరిక్ ఆమ్లమని పేరు పెట్టినది 1929లో. అటువంటి ఆమ్లాలను మిశ్రమం నుండి సులువుగా విడదీయు ఉపాయం 1952లో జేమ్స్, మార్టిన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు చూపినారు. దానినే గ్యాస్ క్రొమటోగ్రఫీ అంటారు. అణువులను తూచే యంత్రం అంతకు ముందే ఉన్నది. 1919లో దానిని తీర్చిదిద్దిన ఆస్టన్‌కు 1922లో నోబెల్ బహుమానం లభించినది. సూక్ష్మజీవులను వాటి రసాయన సంఘటనను బట్టి, గ్యాస్ క్రొమటోగ్రఫీ సాయంతో వర్గీకరించవచ్చునని 1963లో ఏబెల్, ఆయన సహచరులు ప్రతిపాదించినారు.

మన హైదరాబాదుకూ కొవ్వుల రసాయనశాస్త్రానికీ పాత చుట్టరికం ఉన్నది. 1944లో హైదరాబాదు సంస్థానంలో నెలకొన్న కేంద్ర పరిశోధనాలయమే తరువాత ప్రాంతీయ పరిశోధనాలయమై, 1989 నుండి భారత రసాయన సాంకేతిక సంస్థ అను పేరుతో తార్నాకలో వర్ధిల్లుచున్నది. నూనెగింజలు పండే ఈ దేశానికి తగినట్లు నూనెలు, కొవ్వుల పరిశోధనకు అక్కడ మొదటి నుండి పెద్దపీట వేసినారు. భారతీయాహార చరిత్ర వ్రాసి ప్రసిద్ధుడైన కె.టి. అచ్చయ్య రెండు దశాబ్దాలపాటు ఆ సంస్థలో నూనెల రసాయనజ్ఞుడుగానే పనిచేసినారు. ఆ సంస్థ ప్రక్కనే ఉప్పల్ రోడ్డుమీద కణజీవశాస్త్ర పరిశోధనకు నెలకొన్న సి.సి.ఎం.బి. ఉన్నది. ఎల్.బి. నగర్ నుండి బయలుదేరినవారు నాగోలు వద్ద మూసీని దాటి, ఉప్పల్ మీదుగా ఆ ద్వారాలను చేరుకొనవచ్చును.

ఇక పరీక్ష జరుగు విధానం. ముందుగా సూక్ష్మజీవిని ఒక పోషకపదార్థంపై పెంచుతారు. సాధారణంగా ఒక దినం చాలును. పెరిగిన కణాలను గీకి తీసి క్షారంలో మరిగిస్తారు. సబ్బు కాచుట వంటిదే ఈ క్రియ; కణం పగిలి కొవ్వు ఆమ్లాలు విడివడతాయి. తరువాత మిథైల్ ఆల్కహాలు, ఆమ్లం చేర్చి కాచితే అవి మిథైల్ ఎస్టర్లుగా మారుతాయి. ఆమ్లరూపంలో ఆవిరి కాక మొండికెత్తే పదార్థం ఎస్టరు రూపంలో సులువుగా ఆవిరవుతుంది. ఆ ఎస్టర్లను ఒక ద్రావకంలోనికి దించి, సూదితో రవ్వంత తీసి యంత్రంలో వేస్తారు.

యంత్రంలో మొదటి భాగం వెంట్రుక వంటి సన్నని గొట్టం. సుమారు 30 మీటర్ల పొడవు గల ఆ గొట్టాన్ని చుట్టలు చుట్టి పొయ్యిలో ఉంచుతారు. దాని లోపలి గోడకు ఒక జిగురుపూత ఉంటుంది. ఆవిరైన ఎస్టర్లను ఒక వాయువు మోసుకొని ఆ గొట్టం గుండా పోతుంది. అప్పుడు ఏమి జరుగుతుందో ఒక పోలికతో చెబుతాను. మెట్రో రైలు ఎక్కకుండా, దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి. నగర్ చౌరస్తాకు నూరుమంది ఒకేసారి కాలినడకన బయలుదేరినారనుకొనండి. అంగళ్లవైపు కన్నెత్తి చూడనివారు ముందు చేరుతారు. పండ్లబండి వద్ద ఒకసారి ఆగినవారు వారి తరువాత వస్తారు. ప్రతి బట్టల దుకాణంలోనూ తొంగి చూచేవారు అందరికంటె వెనుకబడతారు. గొట్టంలోని పూత ఆ అంగళ్ల వంటిది. పొట్టి గొలుసులు దానిని అంతగా అంటుకొనక ముందు బయటపడతాయి. పొడుగు గొలుసులు ఆగి ఆగి వస్తాయి. ఎల్.బి. నగర్ వద్ద గడియారం పట్టుకొని నిలిచినవానికి వచ్చినవారి క్రమం తెలుస్తుంది.

అయితే గడియారం ఒక్కటే చాలదు. అపరిచితులు ఇద్దరు ఒకే నిముషంలో చేరవచ్చును. అందుచేత గొట్టం చివర తూకంవేయు యంత్రాన్ని అమర్చినారు. అదే మాస్ స్పెక్ట్రోమీటర్. శూన్యప్రదేశంలోనికి వచ్చిన అణువుపై ఎలక్ట్రానుల ధార పడుతుంది. ఆ దెబ్బకు అణువు విద్యుదావేశం పొంది, కొంతవరకు ముక్కలవుతుంది. ఆ ముక్కలను విద్యుత్క్షేత్రం గాని అయస్కాంత క్షేత్రం గాని బరువును బట్టి వేరుచేస్తుంది. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టుట చూచినవారికి ఇది క్రొత్త కాదు. గాలికి గట్టిగింజ దగ్గర పడుతుంది, తాలు కొంత దూరం పోతుంది, పొట్టు మరింత దూరం పోతుంది. ఇక్కడ గాలికి బదులు విద్యుద్బలం, గింజలకు బదులు అణుశకలాలు.

ఉదజని పరమాణువు బరువు ఒకటి అనుకొంటే, పామిటిక్ ఆమ్లపు మిథైల్ ఎస్టరు బరువు 270. యంత్రం గీసిన పటంలో 270 వద్ద ఒక గీత కనబడుతుంది. తలవైపు నుండి 31 బరువు గల ముక్క ఊడిపోగా మిగిలినది 239 వద్ద కనబడుతుంది. 74 వద్ద పెద్ద గీత నిలుస్తుంది. నిటారు గొలుసుల మిథైల్ ఎస్టర్లన్నింటికీ ఈ 74 కుటుంబముద్ర వంటిది. మూడవ కర్బనంపై ఆమ్లజని, ఉదజనుల జంట ఉన్న ఆమ్లమైతే ఆ పెద్ద గీత 103 వద్ద వస్తుంది. కుండ ఎక్కడ బలహీనమో అక్కడనే పగులుతుంది. పెంకుల తీరు చూచి కుమ్మరి ఆ కుండ ఎట్టిదో చెబుతాడు. రసాయనజ్ఞుడు చేయు పని ఇదే.

ఇంతవరకు విన్నవారికి, తూకం తెలిస్తే జీవి పేరు తెలిసినట్లే గదా అనిపించవచ్చును. ఇక్కడనే జాగ్రత్త పడవలెను. 15 కర్బనాల ఆమ్లాలలో మూడింటిని చూడండి. ఒకటి నిటారు గొలుసు. రెండవ దానికి చివరి నుండి రెండవ కర్బనం వద్ద కొమ్మ, మూడవ దానికి చివరి నుండి మూడవ కర్బనం వద్ద కొమ్మ. జడ చివర పాయలు విడిపోయే చోటు ఒక ముడి క్రిందుగానో మీదుగానో ఉన్నట్లన్నమాట. మూడింటి ఎస్టర్ల బరువూ 256. తరాజుకు వీటి భేదం తెలియదు. శకలాల పటంలో కూడ భేదం బహు స్వల్పం. గడియారానికి మాత్రం తెలుస్తుంది. మొదట రెండవది, వెంటనే మూడవది, తరువాత నిటారు గొలుసు గొట్టం దాటి వస్తాయి. అట్లే ముక్కోణపు ఉంగరం గల 17 కర్బనాల ఆమ్లానికీ, ఒక ద్విబంధం గల 17 కర్బనాల ఆమ్లానికీ ఎస్టరు బరువు 282. గడియారం తికమకపడినచోట తరాజు, తరాజు తికమకపడినచోట గడియారం సాక్ష్యం చెప్పవలెను. ఏకసాక్షిని నమ్మి తీర్పు చెప్పరాదను ధర్మం ప్రయోగశాలలో కూడ వర్తిస్తుంది.

రెండవ చిక్కు ఇంకను సూక్ష్మమైనది. జీవి తన గోడను కాలానుగుణంగా మార్చుకొంటుంది. చలి పెరిగితే పొర గడ్డకట్టకుండా ద్విబంధాలు గల వంకర గొలుసులను ఎక్కువ చేస్తుంది. కోలై జాతిలో ఈ మార్పును 1962లో మార్, ఇంగ్రహాం విశదంగా కొలిచినారు. సి.సి.ఎం.బి.లో డాక్టర్ ఎస్. శివాజీ, ఆయన సహచరులు అంటార్కిటికా ఖండం నుండి తెచ్చిన సూక్ష్మజీవులను సంవత్సరాల తరబడి పరిశీలించి, ఘోరమైన చలిలో అవి తమ పొరను ఎట్లు మెత్తగా నిలుపుకొంటాయో వివరించినారు. కావున ఒకే జీవిని వేర్వేరు వేడిమిలో, వేర్వేరు ఆహారంపై పెంచితే కొవ్వుల పట్టిక వేర్వేరుగా వస్తుంది. పోల్చదలచిన జీవులను ఒకే పోషకంపై, ఒకే వేడిమిలో, ఒకే వయస్సు వరకు పెంచి తీరవలెనని నియమం పెట్టుట ఇందుకే. రెండు దుకాణాల తూకాలు పోల్చవలెనంటే ముందు రెండుచోట్లా ఒకే పడికట్టు ఉండవలెను గదా.

ఈ విద్యకు మన నగరంలోనే ఒక గొప్ప సందర్భం వచ్చినది. 2005 ఏప్రిల్ 20వ తేదీన హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం నుండి ఒక బ్రహ్మాండమైన బెలూన్ ఆకాశానికి ఎగిరినది. అది మోసుకొనిపోయిన పరికరం బరువు 459 కిలోలు. ద్రవరూపంలోని నియాన్‌తో చల్లబరచిన ఉక్కు గొట్టాలు, లోపల క్రిమి అన్నది లేకుండా శుద్ధిచేసినవి, 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తులలో గాలిని పట్టి తెచ్చినవి. ఆచార్య జయంత్ నార్లికర్ ఈ పరిశోధనకు ప్రధాన పరిశోధకులు. ఇస్రోకు చెందిన ఆచార్య యు.ఆర్. రావు, సి.సి.ఎం.బి. స్థాపకులైన డాక్టర్ పి.ఎం. భార్గవ మార్గదర్శకులు. భూమిమీద ప్రాణం ఆకాశం నుండి వచ్చినదా అను మహాప్రశ్న దీని వెనుక ఉన్నది.

ఆ గాలి నుండి 12 బ్యాక్టీరియా సమూహాలు, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగినవి. వాటిలో మూడు బ్యాక్టీరియాలు అంతవరకు ఎవరూ వర్ణించనివని 2009లో ప్రకటించినారు. ఆ నిర్ణయానికి ఒక్క సాక్ష్యం చాలదు. జన్యుక్రమం చదివినారు; వాటి దగ్గరి బంధువుల జన్యుపదార్థంతో పోల్చినారు; పెరుగుదల తీరు చూచినారు; పొరల కొవ్వుల వంటి రసాయన లక్షణాలు పరిశీలించినారు. ఫ్రెడ్ హాయిల్ పేర జానిబాక్టర్ హాయిలీ, ఇస్రో పేర బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, ఆర్యభటుని పేర బాసిల్లస్ ఆర్యభట్టై అని నామకరణం చేసినారు.

అవి అంతరిక్షం నుండి దిగివచ్చినవని పలువురు సంబరపడినారు. ఇస్రో మాత్రం, ఈ ఫలితం సూక్ష్మజీవుల అంతరిక్ష జన్మను నిశ్చయంగా స్థాపించుట లేదని ఆనాడే స్పష్టం చేసినది. ఆ సంయమనం శ్లాఘనీయం. క్రొత్త జాతి అనుట వేరు, క్రొత్త లోకపు జీవి అనుట వేరు. ఆ మూడింటికీ భూమిమీదనే దగ్గరి బంధువులు ఉన్నారు.

కథ అక్కడనైనా ఆగలేదు. 2016లో ఇస్రోనెన్సిస్‌ను బాసిల్లస్ ప్రజాతి నుండి సోలిబాసిల్లస్ అను ప్రజాతికి మార్చినారు. 2019లో కొందరు పరిశోధకులు సంపూర్ణ జన్యుక్రమాలను పోల్చి, ఆర్యభట్టై వేరే జాతి కాదనీ, 1884లోనే వర్ణితమైన మెగాటీరియం జాతిలో చేరునదనీ వాదించినారు. 2020లో ఆ కుటుంబాన్నే ప్రీస్టియా అను క్రొత్త ప్రజాతిగా విడదీసినారు. దీనిని బట్టి మొదటి పని వ్యర్థమని అనుకొనరాదు. మేలైన సాక్ష్యం వచ్చినప్పుడు పాత తీర్పును తిరిగి విచారించుటకు వెనుదీయకపోవుటయే శాస్త్రానికి గౌరవం.

ఇక ఈ విద్యకు మన ఇండ్లతో గల సంబంధం చెప్పి ముగిస్తాను. క్షయక్రిమి బహు నెమ్మదిగా పెరుగుతుంది. దానిని పెంచి చూచుటకు వారాలు పడుతుంది. క్షయ మెదడు పొరలకు సోకినప్పుడు అన్ని వారాల గడువు రోగికి ఉండదు. 1980ల దశకంలో వైద్యశాస్త్రజ్ఞులు కఫంలోను, వెన్నునీటిలోను ఆనాటి ట్యుబర్‌క్యులోస్టియరిక్ ఆమ్లాన్ని ఈ తూకపు యంత్రంతో నేరుగా వెదకినారు. క్రిమి పెరుగుటకు ఆగకుండా దాని కొవ్వుజాడను పట్టుకొనుట అది. ఆ ఆమ్లం క్షయక్రిమి బంధువులలో కూడ ఉండుటచేత, అక్కడ సైతం ఇతర లక్షణాలతో సరిచూచుకొనవలసి వచ్చినది. నేడు ప్రభుత్వ క్షయనివారణ కార్యక్రమంలో జన్యుపరీక్ష కొన్ని గంటలలోనే ఫలితమిస్తున్నది. పెద్ద ఆస్పత్రులలో మాస్ స్పెక్ట్రోమీటరును మరొక రూపంలో, కొవ్వులకు బదులు మాంసకృత్తులను తూచి, పెరిగిన సూక్ష్మజీవి పేరు నిముషాలలో చెప్పుటకు వాడుచున్నారు. తూకం మారలేదు, తూకంలో వేసే సరుకు మారినది.

అయితే ఆ యంత్రానికి కూడ ముందుగా జీవి పెరగవలెను. అందుకే రక్తం గాని మూత్రం గాని పరీక్షకు ఇచ్చినప్పుడు, కల్చర్ రిపోర్టుకు రెండు మూడు దినాలు పడుతుందని ప్రయోగశాలవారు చెబుతారు. ఆ ఆలస్యం వారి అశ్రద్ధ కాదు. కంటికి కనబడని ఆ జీవి సాక్ష్యమిచ్చేటంతగా ఎదుగుటకు పట్టే కాలమది. ప్రాణాపాయమున్నచోట వైద్యుడు ఆ గడువు కోసం ఆగడు. నమూనా తీసిన వెంటనే మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చిన తరువాత మార్చవలసి ఉంటే మారుస్తాడు. అది ఆయన నిర్ణయం. మనం చేయవలసినది వేరే ఉన్నది. ప్రక్కింటివారికి పనిచేసినదని చెప్పి మందుల దుకాణంలో యాంటీబయాటిక్ కొని మ్రింగరాదు. ముందే రెండు మాత్రలు మ్రింగి నమూనా ఇస్తే, క్రిమి సగం చచ్చి, పరీక్షలో పెరగక, రోగి ఒంటిలో మాత్రం మిగిలిపోవచ్చును. అప్పుడు ఎంత గొప్ప యంత్రమైనా తూచుటకు ఏమీ ఉండదు. వైద్యుడు పరీక్ష వ్రాసి ఇచ్చినప్పుడు మందుకు ముందే నమూనా ఇవ్వండి. ఇదివరకే ఏదైనా మ్రింగి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి. శత్రువు పేరు తెలిసినప్పుడే మందు గురి తప్పదు.